చిన్న సాహిత్య పత్రికలకు కథలు పంపడం: ఏం దొరుకుతుంది, ఎక్కడ చెడుతుంది

ఆదివారం అనుబంధాలను పక్కన పెడితే తెలుగు కథకు మిగిలే చోట్లు రెండు. ఒకటి ‘పాలపిట్ట’, ‘అరుణతార’, ‘సాహిత్య ప్రస్థానం’ లాంటి అచ్చు పత్రికలు. రెండోది ‘ఈమాట’, ‘సారంగ’, ‘కౌముది’, ‘నెచ్చెలి’ లాంటి అంతర్జాల పత్రికలు. రెండింటికీ ఏళ్ల తరబడి కథలు పంపాక నా అంచనా ఇది: పారితోషికం ఆశించి వీటి దగ్గరికి వెళ్లొద్దు, చాలా పత్రికలు ఇవ్వలేవు. కథ పూర్తి నిడివితో రావాలన్నా, దాన్ని శ్రద్ధగా చదివే సంపాదకుడు కావాలన్నా వీటికే పంపాలి. ఆదివారం పేజీలో పదిహేను వందల మాటలు దాటితే కత్తెర తప్పదు. నాలుగు వేల మాటలు కావలసిన కథ బతికేది ఇక్కడే.

చదవడం అంటే ఉత్తి మెచ్చుకోలు కాదు. ‘ఈమాట’లో రచనను సమీక్షకులు చదివి అభిప్రాయాలు రాస్తారు, మార్పులు అడుగుతారు. అడిగినవన్నీ చేయనక్కర్లేదు. ఏది ఎందుకు మార్చలేదో రెండు వాక్యాల్లో చెబితే చాలు. ముగింపు గురించి ఇద్దరు ఒకే అభ్యంతరం చెబితే మాత్రం ఆ ముగింపును మళ్లీ రాయడమే మంచిది.

ఎక్కువ నష్టం జరిగేది కథనం దగ్గర కాదు, ఫైలు దగ్గర. చాలా అచ్చు పత్రికల పేజీలు ఇప్పటికీ ‘అను’ అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లతో తయారవుతాయి. మనం ఫోన్లలో, అంతర్జాలంలో మామూలుగా వాడే యూనికోడ్‌లో పంపినదాన్ని పేజీలు కూర్చే డీటీపీ ఆపరేటర్ మార్పిడి చేస్తాడు. అను ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలను పెట్టుకుంటాయి. అందుకే కథలో ఇంగ్లిష్ లిపిలో ఉన్న మాట అచ్చులో అర్థంలేని తెలుగు ముక్కలుగా తేలవచ్చు, కొటేషన్ గుర్తులు వేరే అక్షరాలు కావచ్చు. ‘సాఫ్ట్‌వేర్’లో పొల్లును విడిగా నిలిపే కనిపించని గుర్తు పోతే అది ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. ఇంగ్లిష్ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాయండి. వర్డ్ ఫైలుతోపాటు పీడీఎఫ్ కూడా జతచేయండి, ఆపరేటర్ సరిచూసుకోవడానికి అదే ఆధారం. సన్నివేశం మారిన చోట ఒక వరుస ఖాళీగా వదిలితే సరిపోదు. పేజీ పెట్టేటప్పుడు ఖాళీలు లాగేస్తారు, రెండు సన్నివేశాలు కలిసిపోయి కాలక్రమమే తారుమారవుతుంది. అక్కడ మూడు నక్షత్రపు గుర్తులు (***) తప్పనిసరి.

మాండలికంలో రాసేవాళ్లకు ఇంకో పని ఉంది. ప్రూఫులు దిద్దేవారు ‘పోయిండు’ను ‘పోయాడు’గా, ‘ఎల్లిపోనాడు’ను ‘వెళ్లిపోయాడు’గా సాపు చేయడం మామూలే. ఒక పేజీలో దిద్ది ఇంకో పేజీలో వదిలేస్తే పాత్ర రెండు యాసల్లో మాట్లాడినట్టుంటుంది. మెయిల్లోనే ‘ఈ మాటలు ఇలాగే ఉండాలి’ అని పది పదిహేను మాటల జాబితా ఇవ్వండి. అచ్చుకు ముందు సరిచూసుకోవడానికి పేజీ ప్రూఫు పంపమని అడగండి. అన్ని పత్రికలూ పంపలేవు, అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

కథతోపాటు పంపే హామీపత్రంలో నాలుగు సంగతులు రాయాలి: కథ సొంతం, అనువాదమో అనుకరణో కాదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు, ఎక్కడా ప్రచురితం కాలేదు. ఫేస్‌బుక్‌లో పెట్టినా, ప్రతిలిపి అనే కథల యాప్‌లో పెట్టినా చాలామంది సంపాదకులు దాన్ని ప్రచురణగానే లెక్కిస్తారు. ఒకే కథను రెండు చోట్లకు పంపడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. పేజీలు ముందే సిద్ధమవుతాయి గనక ఆఖరి నిమిషంలో కథ తీసేస్తే ఆ ఖాళీ నింపడం ఒకరిద్దరితో నడిచే పత్రికకు పెద్ద కష్టం. మూడు నెలలు చూసి జవాబు లేకపోతే ‘కథను వెనక్కి తీసుకుంటున్నాను’ అని మెయిల్ రాసి, వారం ఆగి, తర్వాతే మరోచోటికి పంపండి.

సంచిక తేదీనీ గమనించాలి. 1990 నుంచి వస్తున్న కథాసాహితి వారి వార్షిక సంకలనం లాంటివి ఆ ఏడాది వచ్చిన కథల్లోంచి ఎంచుతాయి. డిసెంబరుకు అనుకున్న కథ జనవరికి జరిగితే లెక్క మరుసటి ఏడాదికి మారుతుంది.

కథ అచ్చయ్యాక దాన్ని భద్రపరిచే పని రచయితదే, ఇక్కడే చాలామంది అశ్రద్ధ చేస్తారు. 1998 నుంచి ‘ఈమాట’ నిలబడి ఉందిగానీ అన్ని అంతర్జాల పత్రికలకూ ఆ ఆయుష్షు లేదు. డొమైన్ రుసుము కట్టడం ఆగితే పాత సంచికలు మొత్తం మాయమవుతాయి. కథ వచ్చిన రోజే పేజీని పీడీఎఫ్ చేసుకోండి, వెబ్ పేజీల నకళ్లు భద్రపరిచే వేబ్యాక్ మెషీన్‌లో కూడా దాచండి. అచ్చు పత్రికయితే ముఖచిత్రం, విషయసూచిక, కథ పేజీలు స్కాన్ చేయండి. ఒక ప్రతి శ్రీకాకుళం కథానిలయానికి పంపండి. కాళీపట్నం రామారావు 1997లో మొదలుపెట్టిన ఆ గ్రంథాలయంలో చేరితే కథ పరిశోధకులకు దొరుకుతుంది. పత్రిక రచయితకు పంపే కాపీ తపాలాలో పోవడం అరుదేమీ కాదు, అందుకే చందా కట్టడం మేలు. అయితే ఏడాది చందానే కట్టండి. శాశ్వత చందా పత్రిక బతికినన్నాళ్లకే.

హక్కుల విషయంలో అనవసర భయం వద్దు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీకి రాతపూర్వక ఒప్పందం ఉండాలి. సంతకం పెట్టిన కాగితంలో గడువు రాయకపోతే దాన్ని అయిదేళ్లుగా లెక్కిస్తారు. ఏ కాగితమూ లేకుండా అచ్చయిన కథను పుస్తకంలో వేసుకోవచ్చు, మొదట వచ్చిన పత్రిక పేరు, నెల, సంవత్సరం వేయడం మర్యాద. కథతోపాటు వచ్చిన బొమ్మ సంగతి వేరు, దానికి చిత్రకారుడి అనుమతి విడిగా అడగాలి.