సగం గిన్నె దాటాక

మూడేళ్ళు, ఐదు డబ్బాలు. డార్క్ ఫైర్డ్ కెంటకీ ఎక్కువగా, వర్జీనియా కొంత, పెరీక్ కొద్దిగా, ఈ మూడు రకాల పొగాకు ఆకులు కలిపి, నొక్కి, పలకలుగా కోసిన ఈ ఘాటు పైపు పొగాకును నేను మళ్ళీ మళ్ళీ తెచ్చుకునేది ఒకే ఒక్క కారణంతో. గిన్నె, అంటే పైపులో పొగాకు కూరే భాగం, సగం దాటాక ఒక రుచి వస్తుంది. బాగా పండి ఎండిన అంజీరు కొరికితే నోట్లో పరుచుకునే తీపి, దాని వెనకే సన్నని పులుపు. ఇంకే మిశ్రమంలోనూ అది నాకు ఇంత నిండుగా దొరకలేదు.

మొదటి సగం గురించి ఎక్కువ చెప్పను. అంటించగానే కట్టెపొగ వాసన, కొంచెం తోలు వాసన. కెంటకీ ఆకును కొట్టంలో వేలాడగట్టి, కింద గట్టి కర్రలూ రంపపు పొట్టూ మంట లేవకుండా రాజేసి ఆరబెడతారు. ఆ పొగంతా ఆకులోకి ఇంకిపోయి ఉంటుంది. కొందరికి అదే ప్రాణం. నా ప్రాణం పెరీక్ మీద. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, సెయింట్ జేమ్స్ పారిష్‌లో (మన జిల్లా లాంటిది) ఆ ఆకును విస్కీ పీపాల్లో కూరి, పైనుంచి గట్టిగా నొక్కి, దాని రసంలోనే దాదాపు ఏడాది పులియనిస్తారు. మధ్యమధ్యలో తీసి, గాలి తగిలించి, మళ్ళీ కూరతారు. ఆ పులుపూ ఆ పండు వాసనా అక్కడివే. పై సగంలో ఉన్నంతసేపూ అది ముక్కుతో పొగ వదిలినప్పుడు మిరియం ఘాటులా తగులుతుంది, అంతే. కింది సగానికి వచ్చేసరికి కట్టెపొగ తగ్గి పండు పైకి తేలుతుంది. ఒక్కోసారి రెండు దమ్ముల మధ్యలోనే ఆ మార్పు జరిగిపోతుంది. పైపు చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోతాను.

కొత్తలో తెలిసినవాళ్ళకు దీని గురించి రెండు మాటలు చెప్పాను. నాలుకను కాల్చదని, ఎంత ఘాటైనా మెత్తగా ఉంటుందని. రెండూ అబద్ధం కాదు. కానీ ఆ మెత్తదనమే ఒక సాయంత్రం నన్ను పడగొట్టింది.

డబ్బా తెరిచి మూడో వారం. పనిలో పడి మధ్యాహ్నం సరిగ్గా తినలేదు. పెద్ద గిన్నె ఉన్న పైపు తీసి, రెండు పలకలు మడిచి, డబ్బాలోంచి తీసిన తడి మీదే కూరాను. నాలుగు దమ్ములకోసారి ఆరిపోతోంది. మళ్ళీ అంటించడం, ఆరకుండా గబగబా లాగడం. గొంతులో మంట లేదు, దగ్గు లేదు, అందుకే ఎంత లాగుతున్నానో తెలియలేదు. పావుగంట దాటాక వెక్కిళ్ళు మొదలయ్యాయి. నీళ్ళు తాగినా ఆగలేదు. తర్వాత నోట్లో నీళ్ళూరడం, నుదుట చల్లటి చెమట. లేచి నిలబడబోతే గది తిరిగింది. నేల మీదే పడుకుండిపోయాను. వాంతి అయ్యాక గానీ కాస్త తెరిపి రాలేదు. మామూలు మనిషిని కావడానికి రెండు గంటలు పట్టింది. ఆ రాత్రి డబ్బా మూత చూసినా కడుపులో తిప్పింది.

పొగ ఊపిరితిత్తుల్లోకి పీల్చలేదు కదా, నికోటిన్ ఇంతగా ఎలా ఎక్కింది అని అప్పట్లో అనుకున్నాను. ఇలాంటి ముదురు ఆకుకు పీల్చనక్కరలేదు. చక్కెర తక్కువ కాబట్టి దీని పొగ సిగరెట్ పొగలా ఆమ్లంగా ఉండదు. క్షారం వైపు మొగ్గిన పొగలోని నికోటిన్ నోటి లోపలి పొరల గుండానే రక్తంలోకి పోతుంది. అదీ నిదానంగా. తెలిసేసరికి గిన్నెలో పొగాకు సగం అయిపోయి ఉంటుంది.

నెల రోజులు దాని జోలికి పోలేదు. మళ్ళీ ముట్టుకున్నప్పుడు పద్ధతంతా మార్చాను. భోజనం చేశాకే. చిన్న గిన్నె పైపు, ఒకే పలక. పలకను వేళ్ళతో పొడిపొడిగా విడదీసి కాగితం మీద గంటన్నర ఆరబెడతాను. చిటికెడు తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కి వదిలితే ముద్దగా అంటుకోకుండా మళ్ళీ విచ్చుకోవాలి. మరీ పెళపెళలాడినా రుచి పోతుంది. ఇదంతా ఆరోగ్యం కోసం చేసిన పని. కానీ నేను ఎదురుచూడనిది ఇంకొకటి జరిగింది. ఆ అంజీరు రుచి సగం దాకా ఆగకుండా మూడో వంతులోనే వచ్చింది, అడుగున బూడిద మిగిలే దాకా నిలిచింది. అంతకుముందు తడి పొగాకు కూరి, నేను పొగ కంటే ఆవిరే ఎక్కువ లాగాను. ఈ పొగాకు ఎలాంటిదో నాకు అప్పుడే నిజంగా తెలిసింది.

నాలుక సంగతి కూడా సరిచేసి చెప్పాలి. ఆరబెట్టి, నెమ్మదిగా లాగితే కాల్చదు. తొందరపడితే ఇందులోని వర్జీనియా ఊరుకోదు, నాలుక కొస రెండు రోజులు చుర్రుమంటుంది. ఇంకొకటి, దీని కట్టెపొగ పైపును వదలదు. ఇదే పైపులో తర్వాత మెత్తని వర్జీనియా వేస్తే పది సార్ల దాకా పాత వాసనే వచ్చింది. ఒక పైపును దీనికే కేటాయించాల్సి వచ్చింది. ఐదో డబ్బాను మూత తీయకుండా రెండేళ్ళు పక్కన పెట్టి చూశాను. తీపి గుండ్రంగా, నిండుగా తయారైంది గానీ ముక్కులో తగిలే ఆ మిరియం చురుకు బాగా తగ్గింది. నాకు అది లోటే.

నేను వారానికి రెండు సార్లు, రాత్రి భోజనం తర్వాత, మర్నాడు పొద్దున్నే పని లేని రోజుల్లోనే దీన్ని వెలిగిస్తాను. పీల్చకపోయినా నోటికీ గొంతుకూ ముప్పు ఉన్నదే కాబట్టి అంతకు మించనివ్వను. ఈ పద్ధతిలో నాకు ఇది సరిపోయింది. రోజంతా పైపు నోట్లో ఉండేవారికి సరిపోతుందని చెప్పలేను. పైపు కొత్తగా పట్టినవారికైతే వద్దనే అంటాను. అలవాటున్నవారు ప్రయత్నిస్తామంటే, మొదటిసారి సగం పలక చాలు. వెక్కిళ్ళు మొదలైతే గిన్నెలో ఎంత మిగిలినా అక్కడే పక్కన పెట్టేయండి.