నానోవీఎన్‌ఏ-హెచ్4: మూడేళ్ల వాడకం తర్వాత

నానోవీఎన్‌ఏ-హెచ్4 అంటే యాంటెనాలు, కేబుళ్లు, ఫిల్టర్లు కొలిచే చిన్న వెక్టర్ నెట్‌వర్క్ ఎనలైజర్. నాలుగంగుళాల టచ్ తెర, రెండు ఎస్‌ఎంఏ (చిన్న మర) సాకెట్లు, లోపల బ్యాటరీ. పంపిన సిగ్నల్లో ఎంత భాగం యాంటెనా దగ్గర తిరగబడి వెనక్కొస్తోందో చెప్పడం దీని ముఖ్యమైన పని. ఆ పని బాగానే చేస్తుంది. ఏం కొలుస్తున్నామో మనకు తెలియకపోతే మాత్రం నిలువునా ముంచుతుంది.

ఆర్‌జీ-174 సన్న కేబుల్ పది మీటర్లు తీసుకుని, రెండో కొసకి ఏమీ తగిలించకుండా 900 మెగాహెర్ట్జ్ దగ్గర చూడండి. ఎస్‌డబ్ల్యూఆర్ (వెనక్కొచ్చేదాన్ని చూపే అంకె, ఏమీ రాకపోతే 1) 1.3 ప్రాంతంలో కనిపిస్తుంది. యాంటెనాయే లేదు, తెర మాత్రం భేష్ అంటోంది! వెళ్లేటప్పుడు తొమ్మిది డీబీ (డెసిబెల్) దాకా ఆ కేబులే తినేస్తుంది, వచ్చేటప్పుడు మరో తొమ్మిది. కలిపి 18 డీబీ రిటర్న్ లాస్, అంటే వెనక్కొచ్చిన సిగ్నల్ పంపినదానికన్నా అంత తగ్గిందన్నమాట. అందుకే పైకప్పు మీది యాంటెనాను కింద గదిలోంచి కొలిచి మురిసిపోకూడదు. ముందు కేబుల్ కొసన షార్ట్ (మధ్య తీగనూ పైనున్న లోహపు అల్లికనూ కలిపేసే మూత) బిగించి చూడాలి. అప్పుడొచ్చే రిటర్న్ లాస్‌లో సగం ఆ కేబుల్ నష్టం. ఇంకో మాట: 50 ఓమ్‌ల లోడ్ (సిగ్నల్‌ను తనలోనే మింగేసే నిరోధం) తగిలించినా ఎస్‌డబ్ల్యూఆర్ 1 అనే వస్తుంది, దాన్నుంచి గాల్లోకి వెళ్లేది సున్నా.

క్యాలిబ్రేషన్‌లో, అంటే తెలిసిన వాటితో పరికరాన్ని సరిచూసుకోవడంలో, వరస ముఖ్యం. మొదట ఫ్రీక్వెన్సీ పరిధి పెట్టుకోవాలి, తర్వాత పాత క్యాలిబ్రేషన్‌ను రీసెట్ చేయాలి, ఆపైనే ఓపెన్ (కొస ఖాళీగా), షార్ట్, లోడ్ ఒక్కొక్కటే కొలవాలి. యాంటెనా ఒక్కటే చూసేవారికి ఈ మూడూ చాలు. ఫిల్టర్లు కొలవాలంటే ఐసొలేషన్ (రెండు సాకెట్లనూ కలపకుండా), త్రూ (రెండింటినీ కేబుల్‌తో కలిపి) కూడా కావాలి. అడాప్టర్ వాడుతుంటే దాని కొసనే క్యాలిబ్రేట్ చేయాలి. ఆ తర్వాత పరిధి మారిస్తే తెర ఎడమ పక్కన పెద్ద ‘సి’ కాస్తా చిన్న ‘సి’ అవుతుంది: పాత విలువల మధ్య అంచనా కట్టి చూపిస్తున్నానని దానర్థం. స్థూలంగా చూడ్డానికి పనికొస్తుంది, యాంటెనా కత్తిరించడానికి పనికిరాదు.

పరిధి మరీ వెడల్పుగా పెట్టడం కొత్తవాళ్లంతా చేసే తప్పు. 50 కిలోహెర్ట్జ్ నుంచి 900 మెగాహెర్ట్జ్ దాకా 101 కొలత బిందువులంటే బిందువుకూ బిందువుకూ మధ్య తొమ్మిది మెగాహెర్ట్జ్. యాంటెనా కుదిరిన చోట ఎస్‌డబ్ల్యూఆర్ గీతలో పడే సన్నటి గుంట ఆ సందులో పడి కనబడకుండా పోతుంది. 433 మెగాహెర్ట్జ్ యాంటెనాకైతే 400 నుంచి 470 చాలు. పావు తరంగం లెక్కకు 17.3 సెంటీమీటర్లు, తీగను 18 దగ్గర కోసి మొదలుపెట్టండి. గుంట 412లో వచ్చిందనుకోండి, 18ని 412తో హెచ్చించి 433తో భాగిస్తే 17.1 వస్తుంది. ఒకేసారి అంతా కోయొద్దు, రెండు మిల్లీమీటర్ల చొప్పున దిగండి. కొలిచేటప్పుడు కేబుల్‌ను చేత్తో పట్టుకుంటే గుంట జరుగుతోందా? కేబుల్ పైనున్న లోహపు అల్లిక కూడా యాంటెనాలా పనిచేస్తోందన్నమాట. ఫీడ్ (కేబుల్ యాంటెనాకు కలిసే చోటు) దగ్గర ఫెర్రైట్ కడియం తొడగండి, లేదంటే కోసిన తీగంతా వృథా.

టీడీఆర్‌తో (సిగ్నల్ వెనక్కొచ్చే సమయాన్ని బట్టి దూరం లెక్కగట్టే పద్ధతి) కేబుల్ ఎక్కడ తెగిందో వెతకడం దీంతో వచ్చే అసలు లాభం. మామూలు పాలిథిన్ కేబుల్‌కు వేగ గుణకం (కాంతి వేగంలో కేబుల్లోని సిగ్నల్ వేగం ఎంత వంతో) 0.66 పెట్టి, 101 బిందువులతో 900 దాకా స్వీప్ చేస్తే పదకొండు మీటర్ల వరకే దారి దొరుకుతుంది. అన్ని బిందువులతోనే ముప్పై మీటర్లు చూడాలంటే పై హద్దును 300కి దించాలి. అప్పుడు చూపు కాస్త మొద్దుబారుతుంది.

పరిమితుల సంగతి. 300 మెగాహెర్ట్జ్ దాటాక లోపలి జనరేటర్ హార్మోనిక్స్ (అసలు ఫ్రీక్వెన్సీకి గుణిజాలు) మీద నడుస్తుంది, ట్రేస్‌లో (తెర మీది గీతలో) వణుకు పెరుగుతుంది. 900 పైన ఫిల్టర్ 40 డీబీ కన్నా లోతుగా ఆపుతోందని చూపిస్తే నేను నమ్మను. పై హద్దు 1.5 గిగాహెర్ట్జ్ కాబట్టి 700, 850, 900 మొబైల్ బ్యాండ్లకు సరే, 1800కీ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకీ మూడు గిగాహెర్ట్జ్ వెళ్లే వీ2 రకం కావాలి. 3.5 గిగాహెర్ట్జ్ 5జీకి రెండూ చాలవు. పక్కనే ట్రాన్స్‌మిటర్ నడుస్తుంటే ట్రేస్ ముళ్లకంపలా లేస్తుంది. దీనికి ట్రాన్స్‌మిటర్‌ను నేరుగా కలిపితే ఇన్‌పుట్ కాలిపోతుంది, రెండో మాట లేదు.

సాకెట్లే త్వరగా అరుగుతాయి. వైఫై యాంటెనాల రివర్స్ ఎస్‌ఎంఏ మర బిగుస్తుంది గానీ మధ్యలో పిన్ను ఉండదు, ఓపెన్ చూపిస్తుంది. దాంతో గంటలు పోతాయి. బిగించేటప్పుడు నట్టునే తిప్పాలి, కేబుల్‌ను కాదు. రెండు సాకెట్లకూ పొట్టి మేల్-ఫిమేల్ అడాప్టర్లు శాశ్వతంగా తగిలించి ఉంచితే అరిగేవి అవే, ఆరేడు నెలలకోసారి వాటిని మార్చుకుంటే సరిపోతుంది.