అద్దె ఆట బాగానే ఉంది, మోటారు బిల్లే లేదు

ఇంటి ఓనర్‌ని చేసి ఆడించే ఆటలు ఫోన్లో ఇంకొన్ని వేసి చూశాను. తీసెయ్యకుండా ఇన్నాళ్లు ఉంచుకున్నది మాత్రం గదులు కట్టి అద్దెకిచ్చే ఈ ఒక్క ఆటనే. అదీ ఇందులో అద్దెకి దిగే మనుషుల కోసం. గదులు కట్టడం, సోఫా మార్చడం, డబ్బులు పోగెయ్యడం ఏ ఆటలోనైనా ఉండేవే. ఇందులో ఒకడు అర్ధరాత్రి డోలు సాధన చేస్తాడు, పక్క గదివాడు మనకి మెసేజ్ పెడతాడు, ఎవరి పక్షమో మనం తేల్చాలి. తేల్చాక రెండోవాడు అలిగి పెట్టే మెసేజ్ చదివి నవ్వాల్సిందే.

మాది ఒడిశాలో రాయగడ. ఇంట్లో పోర్షన్లు అద్దెకిస్తాం. ఆట ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి అమ్మకి ఆ మెసేజ్‌లు తెలుగులో చదివి చెబుతుంటాను. "ఈడికి ఇల్లెందుకిచ్చావురా? పెళ్లాం ఊరెళ్లిందని పిల్లిని తెచ్చినోడు రేపు మేకని తెస్తాడు, పంపీ" అని ఆవిడ తీర్పు. ఆవిడ చెప్పినట్టే చేస్తే మంచి కథలన్నీ మధ్యలో ఆగిపోతాయి. కాబట్టి నా సలహా, తిక్కవాళ్లనే ఉంచుకోండి.

లోపాల్లో మొదటిది ప్రకటనలు. అద్దె రెట్టింపు కావాలంటే ప్రకటన, పని తొందరగా అవ్వాలంటే ప్రకటన. ఆట మూసేసి పడుకుంటే అద్దె కొన్ని గంటలే లెక్కకొస్తుంది, ఆపైన పైసా రాదు. నిజం ఇంటికి ఆ తలనొప్పి లేదు, మనం నిద్రపోతున్నా నెల తిరుగుతుంది.

రెండోది, ఊరు కదలదు. సోఫా మారిస్తే తప్ప అద్దె పెరగదు. మా దగ్గర 2025 జనవరి 6న రైల్వే డివిజన్ భవనానికి శంకుస్థాపన జరిగిందో లేదో, సున్నం కూడా వెయ్యని గదికి జనం కొత్త రేటు చెప్పడం మొదలెట్టారు. ఆటలో ఆఫీసు రాదు, మిల్లులో షిఫ్టు మారదు, నీళ్ల ఎద్దడి లేదు.

అడ్వాన్సు, అగ్రిమెంటు కూడా లేవు. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ గొడవ ఉంటుందని మనం 11 నెలలకే రాసుకుంటాం కదా. ఇక్కడ బటన్ నొక్కితే మనిషి ఖాళీ. అందరికీ ఒకే నీళ్ల మోటారు, కరెంటు ఎవరి మీటరు మీద తిరగాలన్న తగువు ఒక్కటి పెట్టినా ఆట ఇంకో ఏడాది నడిచేది.

మొదటి రెండు భవనాల దాకా హాస్యం పదునుగా ఉంటుంది. తర్వాత పేర్లు మారతాయి గానీ అవే అలకలు, అవే జోకులు. నిజం డబ్బు పెట్టి ఆటలో చెల్లే వజ్రాలు కొనకండి, వాటితో కొనేది మళ్లీ సోఫాలే. పాత ఫోనైతే పెద్ద భవనాలకొచ్చేసరికి వేడెక్కి నత్తనడక నడుస్తుంది, చార్జింగ్ పెట్టి ఆడకండి. అయిదుకి మూడున్నర ఇస్తాను, ఆ అర మార్కు డోలువాడిది.