జీడిపప్పు కొట్టుకి వాక్యూమ్ ప్యాకింగ్ మెషీన్ అవసరమా? పలాసలో ఎనిమిది నెలలు వాడాక నా మాట

5కి 3 ఇస్తున్నా. తగ్గిన రెండింటిలో ఒకటి మెషీన్‌కి, ఒకటి దాన్ని అమ్మినాయన సర్వీసుకి. నా తొందరకి కూడా ఒకటి తీసేయాలి గానీ అది మెషీన్ ఖాతాలో వేయడం న్యాయం కాదు.

మాది శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ. పలాస, కాశీబుగ్గ రెండు పేర్లు గానీ మున్సిపాలిటీ ఒక్కటే. మొన్నటిదాకా ఓ జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాణ్ణి. మా ఊళ్ళో జీడిపప్పు అంటే లారీల్లో పోయే సరుకు, పిక్కలైతే (పెంకు తీయని గింజలు) 80 కేజీల బస్తా, పప్పయితే డబ్బాల లెక్కన బేరం. పావు కేజీ కావాలని వచ్చినవాడితో ఓపిగ్గా మాట్లాడే కొట్టు ఒకటి ఉంటే బాగుంటుందని ఓ షట్టర్ అద్దెకి తీసుకున్నా. తీసుకున్న వారానికే, ఇంకా కాటా కూడా కొనకముందే, 21,000 పెట్టి ఈ మెషీన్ తెచ్చా. మా అప్ప ఏళ్ళ తరబడి ఫ్యాక్టరీలో గ్రేడింగ్ చేస్తోంది. చూసి ఒకటే మాట అంది, "ఒరే తమ్ముడూ, ముందు నాలుగు గాజు జాడీలు కొనుక్కోరా, గాలి పీకడం తర్వాత చూద్దువు."

నాది టేబుల్ మీద పెట్టుకునే చాంబర్ రకం. కవర్ని లోపల పెట్టి మూత వేస్తే గాలి లాగేసి, అంచు కాల్చి, అదే తెరుచుకుంటుంది. ఒక్కో విడతకి అరనిమిషం పైమాటే. కవరు మూతిని మాత్రమే పట్టుకునే చిన్న రకం చవగ్గా వస్తుంది గానీ దానికి గీతలున్న కవర్లే కావాలి, అవి ఖరీదు. దీనికి మామూలు నైలాన్ కవర్లు సరిపోతాయి, కాబట్టి రోజూ ప్యాక్ చేసేవాళ్ళు చాంబర్ రకమే తీసుకోండి.

బద్దలకి (రెండుగా విడిన పప్పు), ముక్కలకి దీన్ని మించింది లేదు. వానాకాలంలో మా వైపు గాలికి విడి పప్పు రెండు రోజుల్లో మెత్తబడిపోతుంది, ఇందులో పెట్టిన బద్దలు మాత్రం రెండు నెలలకి కోసినా పటుక్కుమన్నాయి. తంటా అంతా గుండు పప్పుతోనే, అంటే విరగని పూర్తి పప్పుతో. వాక్యూమ్ టైమ్ 25 సెకన్లు పెడితే ప్యాకెట్టు ఇటుకలా బిగుసుకుంది, చూడ్డానికి భలే ఉంది, కోసి చూస్తే గుండ్లలో సగం బద్దలైపోయాయి. గుండుకి, బద్దకి ధరలో తేడా ఎంతో ఈ వ్యాపారంలో ఉన్నవాడికి చెప్పక్కర్లేదు. 14కి తగ్గించా. విరగడం తగ్గింది గానీ పప్పు కొన గుచ్చుకుని కవరుకి కంటికి కనపడని చిల్లు పడుతుంది, తెల్లారేసరికి ప్యాకెట్టు వదులైపోయి ఉంటుంది. మొదటి 40లో 6 అలా పోయాయి. మందం కవర్లు వాడాక అది కొంచెం నయం.

ఇంకోటి, పప్పు పొడి. కవరు మూతి దగ్గర పొడి అంటుకుంటే సీల్ పడినట్టే ఉంటుంది కానీ పడదు. నెలన్నర తిట్టుకున్నాక అప్ప చూపించింది. పప్పు పోసేముందు కవరు మూతిని రెండు వేళ్ళ మేర బయటికి మడిచేయాలి, పోశాక మళ్ళీ పైకి విప్పాలి, అంతే. మెషీన్‌తో ఇచ్చిన పుస్తకంలో ఈ ముక్క లేదు.

సీలింగ్ బద్దీ మీది టేపు మూడో నెలలో కాలిపోయింది. అమ్మినాయన ఉండేది విశాఖలో, మాకు దాదాపు 200 కిలోమీటర్లు. "రేపు పంపిస్తానండి" అని పదకొండు రోజులు చెప్పాడు. చివరికి టేపు నేనే తెప్పించుకుని వేసుకున్నా. మీరు కొంటే మెషీన్‌తో పాటే రెండు టేపులు, ఒక వేడి తీగ, పంపులో పోసే నూనె అడిగి పెట్టుకోండి. చిన్న ఊళ్ళో కొట్టు పెట్టేవాడికి సర్వీసంటే ఇదే.

ప్యాక్ చేసి పెట్టడం మొదలెట్టాక ఇంకో సంగతి తెలిసింది. విడిగా తూచి ఇస్తే పర్లేదు గానీ ముందే ప్యాక్ చేస్తే దాని మీద పేరు, చిరునామా, నికర బరువు, ప్యాక్ చేసిన తేదీ, ఎమ్మార్పీ, ఫిర్యాదుకి ఫోన్ నంబరు, ఫుడ్ లైసెన్సు నంబరు లాంటివన్నీ ఉండాలి. నా మొదటి 60 ప్యాకెట్ల మీద బరువొక్కటే ఉంది, అదీ స్కెచ్‌తో రాసింది. కూర్చుని అన్నిటికీ మళ్ళీ స్టిక్కర్లు అంటించా. ఎలక్ట్రానిక్ కాటాకి కూడా ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి, మర్చిపోకండి.

ఇక అసలు విషయం, మా ఊరివాళ్ళు ప్యాకెట్టు ముట్టుకోరు. పప్పు చేతిలోకి తీసుకోవాలి, కొరకాలి, "ఇది మన ఉద్దానం పిక్కదేనా, విదేశం నుంచి ఓడలో వచ్చిందా?" అని నిలదీయాలి, అప్పుడు పావు కేజీ. బిగించిన ప్యాకెట్టు చూస్తే "లోపల ఏటి దాచావు బాబూ?" అంటారు. ప్యాకెట్టు కొనేది రైలెక్కేవాళ్ళు, హైదరాబాద్‌లో పిల్లలున్నవాళ్ళు. వాళ్ళకి ప్యాకెట్టు కంటే పప్పు గ్రేడు నంబర్ల గురించి చెప్పడమే పెద్ద పని. 320 అంటే 180 కంటే పెద్దదనుకుంటారు. అది పౌనుకి (దాదాపు 454 గ్రాములు) ఎన్ని గుండ్లు తూగుతాయన్న లెక్క, నంబరు తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధరా ఎక్కువే.

కొట్టు కొత్తగా పెడుతున్నవాళ్ళు ముందు కాలితో తొక్కే సీలరు కొనుక్కోండి, చాలా తక్కువలో వస్తుంది. ఊరి బయటికి వెళ్ళే ప్యాకెట్లు రోజుకి ముప్పై దాటాక ఈ వాక్యూమ్ మెషీన్ గురించి ఆలోచించండి. నావి ఇప్పుడు ఇరవై దగ్గరున్నాయి, పండగలప్పుడు యాభై. ఇప్పుడు గుండు పప్పు గాజు జాడీల్లోనే ఉంటోంది. జాడీలు అప్పే కొనిపెట్టింది, డబ్బులింకా ఇవ్వలేదు.