బడి గ్రౌండా, పాకాల చెరువా?

ఆవరణ వ్యవస్థల (ఎకోసిస్టమ్) పాఠం వచ్చిందంటే, పిల్లల్ని ఎక్కడికి తీసుకపోయి చెప్పాలని మా వరంగల్ టీచర్లకు ఇదే తర్జనభర్జన.

ఖర్చు: పాకాల దాదాపు 50 కిలోమీటర్లు. బస్సు కిరాయి, అన్నాలు, టిఫిన్లు. గ్రౌండ్‌లో అయితే ఆటకు చింతగింజలు చాలు.

శ్రమ: అక్కడికి అనుమతులు, తల్లిదండ్రుల సంతకాలు. ఇక్కడ ఒక్క పీరియడ్.

రిస్క్: చెరువు దగ్గర నీళ్ల భయం. గ్రౌండ్‌లోనూ రాళ్ల కింద తేళ్లుంటయ్, చేత్తో ఎత్తనీయకండి.

పాఠం ఎక్కేది? గింజలాటలో గింజలంటే శక్తి. గడ్డిగా నిలబడ్డ పిల్లకు 100 గింజలిచ్చిన. మిడతకు 10 అందినయ్, కప్పకు ఒకటి. పాము వేషం పిల్లగాడు ఖాళీ చెయ్యి చాపి "సార్, నాకేది?" అన్నడు. ఒకదాన్ని ఒకటి తినే వరుసలో పై మెట్టుకు సుమారు 10 శాతం శక్తే చేరుతుందని మళ్లీ బోర్డు మీద రాయలేదు.

కానీ కాకతీయులు 13వ శతాబ్దంలో కట్టించిన చెరువు, దాని చుట్టూ అడవి, కొంగ ముక్కున గిలగిల కొట్టుకునే చేప... ఇవి చింతగింజలతో రావు.

ఆరో తరగతి, 40 మందికి ఒక్కరే టీచరా? గ్రౌండే. తొమ్మిదో తరగతి, తోడు ముగ్గురు పెద్దలు, చలికాలం అయితే పాకాల. అదీ గింజలాట ఆడించినంకనే.