అరకు ఘాటా, లంబసింగి ఘాటా? ఒక్క రోజు సైకిల్ ప్రయాణానికి ఏది మేలు

చలికాలం దగ్గరపడిందంటే చాలు, నన్ను అందరూ అడిగేది ఒకటే. "ఒక్క రోజు సెలవు ఉంది, కొండ ఎక్కాలని ఉంది. అరకు వెళ్ళమంటావా, లంబసింగి వెళ్ళమంటావా?" విశాఖలో గేర్ల సైకిల్ కొన్నవాళ్ళు ఏడాది తిరక్కుండానే ఈ ప్రశ్న దగ్గరికి వస్తారు. రెండూ తొక్కినవాణ్ణి. కిందటి డిసెంబరులో నాకూ ఒక్క రోజే దొరికింది. లంబసింగి వైపే వెళ్ళాను. ఎందుకో చెప్పే ముందు అరకు గురించి చెప్పాల్సింది చాలానే ఉంది.

విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. అన్నిటికంటే పెద్ద సుఖం ఏమిటంటే ఇంటి గుమ్మంలోంచే సైకిలెక్కి బయల్దేరవచ్చు. పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట దాకా సగం దూరం చదునుగానే పోతుంది. కోటలో టిఫిన్ చేసి బొడ్డవర దాటామంటే ఎక్కుడు మొదలు. టైడా, డముకు, అనంతగిరి కాఫీ తోటలు, ఆ పైన గాలికొండ. కొత్తవాళ్ళు అనంతగిరి చేరగానే కొండ అయిపోయిందనుకుని ఉన్న ఓపికంతా ఖర్చు పెట్టేస్తారు. అలా చేయకండి, గాలికొండ ఇంకా పైన ఉంది. అది దాటాకే సుంకరమెట్ట మీదుగా లోయలోకి దిగుతాం. ఎక్కుడు మరీ నిట్టనిలువుగా ఉండదు గానీ ఎంతకీ తరగదు. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరితే ఎండ ముదిరేలోగా చెట్ల నీడలో పడతాం. ఆలస్యమైతే కోట దాకా ఎండే సగం ప్రాణం తీసేస్తుంది.

ఆ దారిలో చరిత్ర అంటే నాకు ముందు గుర్తొచ్చేది రైలు మార్గం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపాన్‌కి పంపడం కోసం 1960ల్లో వేసిన కొత్తవలస - కిరండూల్ లైను అది. మొత్తం లైనులో 58 సొరంగాలున్నాయి. మనం మలుపులో ఊపిరి తీసుకుంటూ నిలబడితే ఎక్కణ్ణుంచో ఖనిజం రైలు చప్పుడు వినిపిస్తుంది. మనం ఎక్కుతున్న కొండనే అది లోపల్నుంచి తొలుచుకుంటూ ఎక్కుతోందన్నమాట. బొర్రా గుహలకి మధ్యలో పక్క దారి ఉంది కానీ ఒక్క రోజు ప్రయాణంలో ఆ ఆశ పెట్టుకోవద్దు. అటు దిగితే మళ్ళీ ఎక్కి రావాలి, పొద్దు చాలదు.

అరకుతో నాకున్న ఇబ్బంది బళ్ళు. నవంబరు నుంచి జనవరి దాకా సెలవు రోజుల్లో పర్యాటకుల కార్లు, బస్సులు పొద్దంతా మన వెనకనుంచే వస్తాయి. ఎక్కుతున్న సైకిల్ గంటకి ఏడెనిమిది కిలోమీటర్లు మించదు. ప్రతి గుడ్డి మలుపులోనూ వెనకనుంచి హారన్ పడుతుంది. మనసు కొండ మీద కాకుండా కుడి భుజం మీదే ఉంటుంది. పని రోజు దొరికితే ఈ టెన్షన్ సగానికి సగం తగ్గుతుంది. దొరకనివాళ్ళే ఎక్కువ.

ఇక లంబసింగి. విశాఖ నుంచి నర్సీపట్నమే 85 కిలోమీటర్ల పైచిలుకు కాబట్టి ముందు రోజు రాత్రికే అక్కడికి చేరి పడుకోవాలి. ఈ ఖర్చు, ఈ శ్రమ అరకుకి లేవు. పొద్దున్న నర్సీపట్నంలో మొదలుపెట్టి, డౌనూరు దాటి, ఘాట్ ఎక్కి లంబసింగి చేరి, అక్కణ్ణుంచి చింతపల్లి దాకా వెళ్ళి అదే దారిన తిరిగి రావడం నా పద్ధతి. రానూ పోనూ వంద కిలోమీటర్లు. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది, చింతపల్లి దానికంటే కాస్త పల్లంలో. అందుకే తిరుగు ప్రయాణంలో, కాళ్ళు అలిసిపోయిన వేళ, మళ్ళీ కొంత ఎక్కాలి. ఆ ఎక్కుడికి బలం మిగుల్చుకోండి.

ఇక్కడా జనం తక్కువేమీ కాదు. కాకపోతే వాళ్ళు మంచు చూడ్డానికి చీకటితోనే పైకి పోతారు. ఆరింటికి బయల్దేరామంటే మనం ఎక్కుతుండగా వాళ్ళు ఎదురుగా దిగుతుంటారు. ఎదురొచ్చే బండి కనిపిస్తుంది, వెనక వచ్చే బండి కనిపించదు. తేడా అంతా అక్కడే. లంబసింగి దాటాక రోడ్డు మనదే. దారి పొడుగునా వలిసె పూల పసుపు, కాఫీ తోటలు, రాజ్‌మా చేలు.

అయినా నన్ను అటు లాగేది పూలూ కాదు, చలీ కాదు. అరకు దారిలో చరిత్ర పక్కన ఉంటుంది. లంబసింగిలో మనం తొక్కే దారే చరిత్ర. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేసే పనిలోనే గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనం చేత చాకిరీ చేయించుకుని, న్యాయమైన కూలి ఇవ్వకుండా హింస పెట్టాడు. 1922లో అల్లూరి సీతారామరాజు వెనక మన్యం లేచి నిలబడడానికి ఉన్న కారణాల్లో ఈ రోడ్డు పని ఒకటి. ఆనాటి బాట, ఈనాటి తారు రోడ్డు ప్రతి మలుపులోనూ ఒకటేనని నేను అనను. కొండ మాత్రం అదే. ఖాళీ సైకిల్ మీద, కింది గేరులో, రెండు సీసాల నీళ్ళు తాగుతూ ఎక్కితేనే నాకు కళ్ళు తిరిగాయి. అదే కొండ మీద ఆకలి కడుపుతో రాళ్ళు మోసినవాళ్ళు గుర్తొస్తే గేరు మార్చబోయిన చెయ్యి ఆగిపోయింది.

చింతపల్లి దాకా వెళ్ళి తీరాలని నేను పట్టుబట్టేది కూడా ఇందుకే. 1922 ఆగస్టు 22న అల్లూరి దళం దాడి చేసిన పోలీసు స్టేషన్ ఆ ఊరిదే. 11 తుపాకులు, 1,390 గుళ్ళు తీసుకుని, ఏమేం తీసుకున్నారో స్టేషన్ రికార్డులో రాసి మరీ వెళ్ళారు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. చిన్నప్పుడు బళ్ళో ఈ మూడు తేదీలూ వరసగా బట్టీ పట్టాం. వాటి మధ్య ఇన్ని కొండలున్నాయని పాఠంలో తెలియలేదు. చింతపల్లి పైన ఉంది, కృష్ణదేవిపేట కొండ దిగువన ఉంది. ఆగస్టు వానల్లో, అడవిలో, ఆయుధాలు మోసుకుంటూ కాలినడకన మర్నాటికల్లా కిందికి దిగారు. ఆ దూరం ఎంతో నాకు కాళ్ళ ద్వారా తెలిసింది. కారులో రెండుసార్లు వెళ్ళినప్పుడు తెలియలేదు.

దిగేటప్పుడు జాగ్రత్త. బ్రేకు ఒకే బిగిన పట్టుకుని దిగితే రిమ్ కాలిపోతుంది. మొదటిసారి నా సైకిల్‌కి అదే జరిగి, రెండు చోట్ల ఆగి చల్లార్చుకోవాల్సి వచ్చింది. పట్టి వదులుతూ, పట్టి వదులుతూ దిగండి. చేతి తొడుగులు తప్పనిసరి, పొద్దున్న చలికి వేళ్ళు బ్రేకు మీద వంగవు. మూడింటికల్లా చింతపల్లి నుంచి తిరుగుముఖం పట్టకపోతే ఘాట్‌లో చీకటి పడుతుంది.

మిగతావి అడిగేవాళ్ళూ ఉన్నారు. పాడేరు ఘాట్ బాగుంటుంది, కానీ సీజన్‌లో దగ్గర్లోని వంజంగి కొండకి వచ్చే జనంతో నిండిపోతుంది. మారేడుమిల్లి అడవి అందం వేరు, రాజమండ్రి వాళ్ళకి అదే దగ్గర. హార్స్‌లీ హిల్స్ మదనపల్లె నుంచి ఒక పూట పని.

జీవితంలో మొదటి ఘాట్ అయితే, ఇంటి నుంచే బయల్దేరాలనుకుంటే, పని రోజు సెలవు దొరికితే అరకే వెళ్ళండి. ఇవేవీ అడ్డు కాకపోతే నర్సీపట్నంలో గది తీసుకోండి. వీలైతే రెండు రాత్రులకి తీసుకోండి. మర్నాడు పొద్దున్నే కృష్ణదేవిపేట వెళ్ళిరావచ్చు, దారి చదును, కాళ్ళకి విశ్రాంతిగా ఉంటుంది. అల్లూరి సమాధి, ఆయన అనుచరుడు గాం గంటం దొర సమాధి ఉన్నది అక్కడే. ముందు రోజు ఆ కొండ ఎక్కి వచ్చిన కాళ్ళతో అక్కడ కాసేపు కూర్చోండి.