శ్రీకాకుళంలో పెద్దవాళ్ల టీకా ప్యాకేజీ: సూది భేష్, క్లాసుకే లెక్క తప్పింది

శ్రీకాకుళం టౌన్లో ఒక ప్రైవేటు క్లినిక్ అరవై దాటినవాళ్ల కోసం పెట్టిన ప్యాకేజీ ఇది. ఫ్లూ టీకా, అవసరాన్నిబట్టి న్యుమోనియా టీకా, ఆపైన రెండు వారాల వ్యాయామం క్లాసు.

టీకా పనికి వంక పెట్టలేం. ఫ్రిజ్‌లో మందు మధ్య అరలో ఉంది. తలుపులో పెట్టలేదు, ఫ్రీజర్ గోడకి ఆనించలేదు. థర్మామీటరు 2-8 డిగ్రీల మధ్యే ఉంది, పక్కన పొద్దున, సాయంత్రం రాసే పుస్తకం. ఫ్లూ టీకా ఒకసారి గడ్డకట్టిందంటే పారేయాల్సిందే. కరిగాక చూసి పోల్చుకోలేం కాబట్టి ఆ పుస్తకం అడిగి చూడండి.

సిస్టరు ఎక్స్‌పైరీ చూపించి, సిరంజి బాగా కదిపి, 0.5 మి.లీ. జబ్బకి నిటారుగా గుచ్చారు. భుజం ఎముక అంచుకి రెండు మూడు వేళ్ల కింద. అంతకంటే పైన పడితే కీలు చుట్టూ వాపొచ్చి నెలల తరబడి చెయ్యి లేవదు. వయసుతో జబ్బ కండ తగ్గిపోతుంది గనక పెద్దవాళ్లలో ఈ పొరపాటు సులువు. చొక్కా భుజం దాకా తీయించాల్సిందే, ఇక్కడ తీయించారు. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవాళ్లకి సన్న సూది, రుద్దకుండా రెండు నిమిషాలు గట్టిగా అదమడం. డయాలసిస్‌వాళ్లని ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం చేతిలో ఆపరేషను చేసి కలిపిన రక్తనాళం) ఏ చేతికుందో అడిగి రెండో చేతికి వేశారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం ఈ జిల్లాదే, ఇలాంటి చోట ఈ ప్రశ్న అడగని క్లినిక్‌లో సూది వేయించుకోకపోవడమే మేలు. తర్వాత పావుగంట కూర్చోబెడతారు, వీపు ఆనేది లేని బెంచీల మీద.

క్లాసు దగ్గరే పేచీ. 'టీకా వేసుకుని రెండు వారాలు రండి, రెట్టింపు పనిచేస్తుంది' అని గోడకి బోర్డు. ఆ రెట్టింపుకి ఆధారం లేదు. వయసు పైబడేకొద్దీ టీకాకి ఒళ్లు స్పందించడం మందగిస్తుంది. వ్యాయామం ఆ లోటు కొంత పూడుస్తుంది గాని, దానికి నెలలు పడుతుంది. 2009లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో కదలిక తక్కువున్న పెద్దవాళ్లతో 10 నెలలు గుండె వేగం పెంచే వ్యాయామం చేయించారు. టీకా వేసిన తొలి వారాల్లో, ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసినవాళ్లకీ వీళ్లకీ పెద్ద తేడా లేదు. 24 వారాల నాటికి మాత్రం రక్షణ వీళ్లలోనే ఎక్కువ మందికి నిలిచింది. 2022 నాటి ఇంకో అధ్యయనంలో టీకా వేసిన వెంటనే 90 నిమిషాల వ్యాయామంతో యాంటీబాడీలు పెరిగాయి, 45 నిమిషాలతో పెరగలేదు. అది పెద్దవాళ్ల కోసమని చేసింది కాదు. మోకాళ్ల నొప్పులవాళ్లని గంటన్నర నడిపిస్తే అసలుకే మోసం.

పైగా ఇక్కడ అరగంట క్లాసులో ఎక్కువ భాగం కుర్చీలో కూర్చుని చేతులు చాచడమే. ఆయాసం రాదు, ఫలితమూ అంతే. ఆ డబ్బు మిగుల్చుకుని, టీకాకి కొన్ని నెలల ముందే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో నడక మొదలెట్టండి: వారానికి ఐదు రోజులు, అరగంట చొప్పున, మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగంతో. వారంలో రెండు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకి ఎదురుగా నిలబడి దండీలు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు డాక్టర్ని అడిగాకే. సూది వేసిన రోజు జ్వరం లేకపోతే మామూలు నడక మానక్కర్లేదు.

క్లాసు వద్దంటే ఆ రుసుము తీసేస్తారు, కాకపోతే మనమే అడగాలి. రశీదు మీద టీకా పేరు, బ్యాచ్ నంబరు రాయించుకోండి. న్యుమోనియా టీకాలో రకాలున్నాయి, మళ్లీ డోసు కావాలో వద్దో ఆ పేరునిబట్టే తేలుతుంది.